నేలబారు కారు మాహాత్మ్యం

రోజూ తిప్పే కారుని నేలకి దించుకోని మనిషి సగమే బతికినట్టు! ఈ మాట ఊరికే అనడం లేదు. పదకొండేళ్ళుగా ఈ పత్రికలో వారం వారం చెత్తబుట్టల గురించీ, పక్కింటి కోళ్ళ గురించీ, పెరట్లో ఆకులు ఊదే యంత్రాల గురించీ మీకు విన్నవించుకుంటూనే ఉన్నాను. ఇంత బాధ్యతగా మాత్రం ఎప్పుడూ రాయలేదు.

కారు దించడం అంటే ఏమిటో తెలియని అమాయకులు మన డారింబాలో ఇంకా ఇద్దరో ముగ్గురో ఉన్నారని విన్నాను. వాళ్ళ కోసం చెబుతున్నాను. కంపెనీవాడు పెట్టిన స్ప్రింగులు పీకేసి, వాటికన్నా పొట్టివి పెట్టించుకోవాలి. అంతే. కారు నాలుగు వేళ్ళ మేర కిందికి దిగుతుంది. అప్పటిదాకా గంజి పెట్టిన చొక్కా వేసుకున్న గుమాస్తాలా నిలబడ్డ వాహనం ఒక్కసారిగా వేటకి సిద్ధమైన పిల్లిలా కనిపిస్తుంది. నా కమోడోర్ కారుకి పదిహేడేళ్ళు. దించాక దాని వయసు తగ్గింది, నాది కూడా.

మన ఆస్ట్రేలియా చట్టం ప్రకారం కారు అడుగుకీ నేలకీ మధ్య వంద మిల్లీమీటర్లు ఉండాలి. నా కారు కింద తొంభై రెండు ఉన్నాయి. తేడా ఎంత? ఎనిమిది. టీలో ముంచుకునే బిస్కట్టు మందం! ఒక బిస్కట్టు కోసం సాటి పౌరుణ్ణి వేధించే ప్రభుత్వాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

ఇక లాభాలకి వద్దాం. ముందు ఆరోగ్యం. మా ఇంటి వాకిలి రోడ్డు మీంచి కాస్త నిటారుగా పైకి లేస్తుంది. కారులో ముగ్గురు కూర్చుంటే అది ఇంకొంచెం దిగుతుంది, వాకిలి అంచు దాని పొట్టకి తగులుతుంది. అందుకని మా ఆవిడ రెనే, మా ఏడేళ్ళ అమ్మాయి మార్నీ కూరల సంచులతో సహా రోడ్డు మీదే దిగిపోతారు. షాపింగ్ సెంటర్ పార్కింగులో ఆరు స్పీడ్ హంపులు ఉన్నాయి. ఆరింటి దగ్గరా ఇద్దరూ దిగుతారు, నడిచి దాటుతారు, అవతలి వైపు మళ్ళీ ఎక్కుతారు. కారులో వెళ్ళి ఇంత నడిచి వచ్చే కుటుంబం మీ వీధిలో ఉందా?

మార్నీకి ఇదే లోకం. ఈ మధ్య స్నేహితురాలి పుట్టినరోజుకి ఆ పిల్ల వాళ్ళమ్మ కారులో వెళ్ళింది. దారిలో హంపు కనబడగానే బెల్టు విప్పేసి తలుపు మీద చెయ్యి వేసిందట. "దిగక్కర్లేదమ్మా, కూర్చో" అంటే, "మరి కారుకి దెబ్బ తగలదా ఆంటీ?" అని అడిగిందట. ఆ తల్లి మా ఇంటికి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పినప్పుడు రెనే ఫోన్ పెట్టేసి మార్నీని ఒళ్ళోకి లాక్కుంది. ఇంత దయగల పిల్లని పెంచినందుకు మనసు నిండిపోయి ఉంటుందని అనుకున్నాను.

రెండో లాభం, జీవితంలో అనవసరమైన ఎంపికలు తగ్గిపోవడం. మీరు పళ్ళ డాక్టరుని ఎలా ఎంచుకుంటారు? చదువు చూస్తారు, అనుభవం చూస్తారు, నలుగురిని అడుగుతారు. నేను వాకిలి చూస్తాను. పాత డాక్టరు మంచివాడే, చెయ్యి కూడా తేలిక. కానీ ఆయన క్లినిక్ ముందు కాలువ గట్టు ఉంది. కొత్త డాక్టరు దగ్గర పార్కింగు అద్దంలా చదునుగా ఉంటుంది. నా కుడివైపు దవడ పన్ను ఒకటి ఇప్పుడు లేదు, కానీ కారు ముందు బంపర్ పెదవి మీద గీత కూడా లేదు.

మా పినతండ్రి కొడుకు పెళ్ళి కొండ మీది ద్రాక్షతోటలో చేశారు. కిలోమీటరున్నర కంకర దారి. నేను గేటు దగ్గరే ఆగి, కారులోంచే ఆశీర్వదించాను. రెనే కొత్త చెప్పులతో పైకి నడిచి వెళ్ళి వచ్చింది. మరి ప్రతి పెళ్ళికీ వెళ్ళి కూర్చుని, వాళ్ళ మేనమామ ఉపన్యాసం మొత్తం విన్న మీరు బాగుపడ్డారా, నేను బాగుపడ్డానా?

కాలింగ్ బెల్లు ఖర్చు కూడా ఉండదు. వాకిలి ఎక్కేటప్పుడు కారు చేసే 'ఘర్ర్' మనే చప్పుడు వినగానే లోపల రెనే కెటిల్ స్విచ్చి వేసేస్తుంది. ఊళ్ళో ఏ హంపు మీద ఏ చప్పుడు వస్తుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. పోస్టాఫీసు దగ్గరది బొంగురు గొంతు. స్విమ్మింగ్ పూల్ దగ్గరది కీచు.

ఇంకో గొప్ప లాభం సంఘజీవనం. డారింబా నేలబారు కార్ల సంఘంలో మేము పంతొమ్మిది మందిమి. మా అధ్యక్షుడు జోరాన్ గోడలకి ప్లాస్టరింగ్ చేస్తాడు, మాసిడోనియా వాళ్ళ అబ్బాయి, మాటకి మొహమాటం లేదు. అందరివీ ఒకే మోడల్ కార్లు. దీన్ని చూసి మా అభిరుచులు అంతగా కలిశాయని జనం అనుకుంటారు. అసలు సంగతి వేరు. తనిఖీకి పిలుపు వచ్చినప్పుడు పెట్టుకోవడానికి సంఘం మొత్తానికి కంపెనీ స్ప్రింగులు ఒకే ఒక్క సెట్టు ఉంది. ఎవరికి నోటీసు వస్తే వాళ్ళ ఇంటికి ఆ సెట్టు వెళ్తుంది. శనివారం పెట్టుకుంటారు, సోమవారం తనిఖీలో నిజాయితీగా నిలబడతారు, మంగళవారం తీసి తర్వాతివాడికి అందిస్తారు. పెళ్ళిచూపులకి పట్టుచీర ఇంటింటికీ తిరిగినట్టు ఆ స్ప్రింగులు నాలుగేళ్ళుగా డారింబా అంతా తిరుగుతున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఏకాగ్రత. మీరు కారు నడిపేటప్పుడు ఏం చూస్తారు? అద్దం చూస్తారు, ఫోన్ చూస్తారు, పక్క కారులో ఎవరున్నారో చూస్తారు. నేను రోడ్డు చూస్తాను. కచ్చితంగా చెప్పాలంటే నా ముందు పదడుగుల రోడ్డు. ఏ పగులు ఎక్కడుందో, ఏ మ్యాన్‌హోల్ మూత ఎంత లేచిందో, గ్యాస్ పైపుల వాళ్ళు ఎక్కడ తవ్వి ఎక్కడ సరిగ్గా పూడ్చలేదో నాకు తెలిసినట్టు రోడ్ల ఇంజనీరుకి తెలియదు. ఇంత శ్రద్ధగా రోడ్డు చూసే డ్రైవరుని మీరు ఇంకెక్కడా చూడరు.

న్యాయంగా రాస్తున్నాను కాబట్టి నష్టాలు కూడా చెప్పాలి. బాగా ఆలోచించాను. ఒకటే తేలింది. మా అత్తగారు.

నోలీన్‌కి అరవై ఎనిమిదేళ్ళు. డారింబా ప్రైమరీ స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించేది ఆవిడే. ఎండకి రంగు వెలిసిన పసుపు కోటు, మెడలో ఈల, చేతిలో పొడుగు కర్రకి గుండ్రటి 'ఆగు' పలక. ఇలా పంతొమ్మిదేళ్ళు. మీలో సగం మందిని ఆవిడే దాటించి ఉంటుంది, మిగతా సగం మంది పిల్లల్ని ఇప్పుడు దాటిస్తోంది. ఎవరి పేరూ మర్చిపోదు. ఎవరి లంచ్ డబ్బాలో ఏముందో కూడా ఆవిడకి తెలుసు.

ఆవిడ కుడి మోకాలు మార్పించుకుంది. నా కారు ఎక్కడం వరకు పరవాలేదు, వదిలేస్తే సీటులో పడిపోవడమే. దిగడంతోనే వచ్చింది చిక్కు. ఒకసారి సూపర్ మార్కెట్ ముందు ఆవిడని బయటికి లాగడానికి నేనూ, రెనే, ట్రాలీలు తోసే మనిషీ కలిసి పట్టాం.

"నాయనా క్రెయిగ్," అంది ఆవిడ ఎగశ్వాస తీస్తూ, "నన్ను బతికుండగానే పూడ్చిపెట్టాలని ఉంటే చెప్పు, మంచి బట్టలు కట్టుకుంటా."

"సీటు వెనక్కి జరుపుతాను నోలీన్. అలవాటైపోతుంది మీకు."

"నీ కారు అలవాటు కావాలంటే నాకు కాళ్ళుండకూడదు."

ఆ తర్వాత ఆవిడ నడిచే వెళ్ళి వస్తోంది. ఇది కూడా ఆరోగ్యానికి మంచిదే కాబట్టి నష్టాల్లో వేయాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కిందటి సంవత్సరం వసంతంలో ఒక ఆదివారం ఆవిడ మా ఇంటికి భోజనానికి వచ్చింది. చేతిలో ఊరి కౌన్సిల్ ఉత్తరం. స్కూలు ముందు వాంబాట్ క్రాసింగ్ కట్టాలనుకుంటున్నాం, ప్రజల అభిప్రాయం చెప్పండి అని. అదేనండీ, నలుపు తెలుపు చారల దారిని రోడ్డు మధ్యలో గుట్టలా ఎత్తు చేసి కడతారే, కార్లు చచ్చినట్టు ఆగి ఎక్కి దిగాలి, అది. దానికోసం నోలీన్ ఆరేళ్ళుగా అర్జీలు పెడుతోంది. ఉత్తరాన్ని బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసింది.

"ఇన్నాళ్ళూ నా చేతిలో రేకు ముక్కని చూసే ఆగేవాళ్ళు. చూడకపోతే నా ఖర్మ, పిల్లల ఖర్మ," అంది. "ఇక నన్ను చూడక్కర్లా. రోడ్డే ఆపుతుంది వెధవల్ని."

"ఎత్తెంత?" అన్నాను.

"ఏంటి?"

"గుట్ట ఎత్తు. రాశారా అందులో?"

రెనే నా వైపు చూసింది. పదమూడేళ్ళ కాపురంలో ఆ చూపు నాకు కొత్తేమీ కాదు. బంగాళాదుంపలు ఇంకో రెండు వడ్డించుకున్నాను.

ఆ స్కూలు వీధి మీదుగా నేను రోజుకి నాలుగుసార్లు వెళ్తాను. ఊరి మొత్తంలో గుట్టల్లేని చివరి వీధి అది. పౌరుడిగా నా కర్తవ్యం నాకు కనిపించింది. ఆ రాత్రే రాయలేదు, బాగా నిద్రపోయి పొద్దున్నే కాఫీ తాగి రాశాను. మంచి రచనకి తాజా బుర్ర కావాలి.

ఆ అభ్యంతర పత్రం మీలో చాలామంది చదివే ఉంటారు, ఈ శీర్షికలోనే అచ్చయింది. అంబులెన్సులు ఆలస్యమవుతాయన్నాను. బస్సులో ముసలివాళ్ళ నడుములు కదులుతాయన్నాను. వాంబాట్ అనే సాధువైన జంతువు పేరు పెట్టి దాని వీపు మీంచి కార్లు పోనివ్వడం మన సంస్కృతికి తగదన్నాను. చివరికి నా జీవితంలోకెల్లా గొప్ప వాక్యం రాశాను: "ఈ క్రాసింగ్ దగ్గర పంతొమ్మిదేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. అందుకు కారణం సిమెంటు కాదు, నోలీన్ గారి చేతి నైపుణ్యం. ఆ చెయ్యి ఉండగా మనకి గుట్ట దేనికి?"

జోరాన్ ఈ వాక్యాన్ని సంఘం సమావేశంలో రెండుసార్లు చదివి వినిపించాడు. "ఏం రాశావురా బాబూ! దీన్ని ఎదిరించాలంటే మీ అత్తని తిట్టాలి. ఎవడికుంది అంత దమ్ము?" అన్నాడు. సంఘం సభ్యులు, వాళ్ళ భార్యలు, బావమరుదులు కలిసి మొత్తం నలభై ఒక్క అభ్యంతరాలు పంపారు. అందులో ఒకటి డీన్ ఇంటి కుక్కది. డీన్ మా సంఘం కోశాధికారి, ఏ పనైనా మనసు పెట్టి చేస్తాడు. అనుకూలంగా వచ్చినవి పన్నెండు. మనం వాంబాట్‌ని ఓడించాం!

నోలీన్ పత్రిక చదివింది. నేను ఎదురుపడ్డప్పుడు కోప్పడలేదు, ఏడవలేదు.

"బాగా రాశావు నాయనా," అంది. "నన్ను పొగిడి నా గుట్ట పీకేశావు."

"మీ మీద గౌరవంతోనే కదా..."

"తెలుసులే. ఆ గౌరవమేదో కాస్త తగ్గించుకుని, కారు ఎత్తు పెంచుకుని ఉంటే సరిపోయేది."

ఆవిడ మాటకారి. మా ఇంట్లో హాస్యానికి లోటు లేదని చెప్పడానికే ఇది రాశాను.

ఇప్పుడు ఏకాగ్రత గురించి మరోసారి మాట్లాడుకోవాలి. మే నెలలో ఒక మంగళవారం, ఉదయం ఎనిమిదీ నలభై. ఎండ బాగానే ఉంది, రోడ్డు పొడిగా ఉంది, నా వైపు చెప్పుకోవడానికి వానా మంచూ ఏమీ లేవు. స్కూలుకి కొంచెం ఇవతల గ్యాస్ పైపుల వాళ్ళు రోడ్డుకి అడ్డంగా కందకం తవ్వి పూడ్చారు. పూడ్చింది కుంగి చిన్న పల్లం అయింది. మార్నీని ఎప్పటిలా ఆ పల్లానికి ముందే దింపేశాను. అది బ్యాగు తగిలించుకుని ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ ముందుకి వెళ్ళిపోయింది.

పల్లాన్ని దాటడం ఒక విద్య. ఎదురుగా వెళితే పెదవి పగులుతుంది. ఏటవాలుగా వెళ్ళాలి, ముందు ఎడమ చక్రం, తర్వాత కుడి చక్రం, అంగుళం అంగుళం. కిటికీలోంచి తల బయటికి పెట్టి చక్రాన్ని చూస్తూ, చెవులు రిక్కించి 'ఘర్ర్' కోసం వింటూ దాటాను. చప్పుడు రాలేదు. నిజంగా రాలేదు! ముందు చక్రాలు, వెనక చక్రాలు, ఏదీ తగలకుండా మొత్తం కారు బయటపడింది. అంత శుభ్రంగా నేనెప్పుడూ దాటలేదు. ఆ సంతోషంలో కాలు కాస్త నొక్కాను. వెనక పల్లం ఎలా కనిపిస్తోందో చూసుకుందామని అద్దంలోకి చూశాను.

పలక బానెట్ మీద పడింది.

నోలీన్ క్రాసింగ్ మధ్యలో ఉంది. ఈల కూడా ఊదిందట, పిల్లలందరూ విన్నారు. ఆవిడ వెనక నలుగురు పిల్లలు. రెండోది మార్నీ. ఆవిడ ఒక చేత్తో వాళ్ళని వెనక్కి నెట్టింది. రెండో చెయ్యి నా కారుకి వదిలేసింది. ఇరవై రెండు కిలోమీటర్ల వేగం అని తర్వాత పోలీసులు లెక్క తేల్చారు. ఇరవై రెండు ఏమంత వేగం కాదు. మణికట్టు రెండు చోట్ల విరగడానికి అది చాలు.

నేను దిగాను. నా కారులోంచి దిగడానికి టైం పడుతుందని ఇందాక చెప్పాను కదా. ఆ రోజు ఎంత పట్టిందో నాకు గుర్తులేదు. ఆవిడ రోడ్డు మీద పడి ఉంది, టోపీ ఊడిపోయింది, మొహం తెల్లగా పాలిపోయింది. మార్నీ ఏడవడం లేదు, నన్ను చూస్తోంది.

నోలీన్ నా మొహంలోకి చూసి, పళ్ళు బిగబట్టి అడిగింది.

"ఏం క్రెయిగ్. కారు అడుగు గీసుకుందా?"

"లేదు," అన్నాను. అడిగారు కాబట్టి నిజం చెప్పాను.

పోలీసు అమ్మాయి వచ్చింది. నా పేరు రాసుకుంది, తాగానేమోనని ఊదించింది, అంతా అయ్యాక ఒక చెక్క దిమ్మె తెచ్చి కారు కింద పెట్టి చూసింది. పట్టలేదు. నూరు మిల్లీమీటర్ల దిమ్మె అది. బిస్కట్టు మందం గురించి మాట్లాడే సందర్భం కాదనిపించి ఊరుకున్నాను. ఈ బండి రోడ్డెక్కకూడదని కారు అద్దానికి పసుపు స్టిక్కర్ అంటించారు, నా లైసెన్సు తీసేసుకున్నారు.

అదే సాయంత్రం జోరాన్ వచ్చాడు. డిక్కీలో సంఘం స్ప్రింగులు తెచ్చాడు.

"ముందు మీ అత్త ఎలా ఉంది?"

"ఆపరేషన్ చేశారు. ప్లేటు వేశారు."

"అయ్యో. పెద్దావిడ," అన్నాడు. డిక్కీ తెరిచి, "ఇవి పెట్టేసుకో, స్టిక్కర్ తీయించుకో. వచ్చే మంగళవారానికి నాకిచ్చెయ్, మన సంఘం రికీకి తనిఖీ ఉంది," అన్నాడు.

"జోరాన్, మన అభ్యంతరాలు వెనక్కి తీసుకోవచ్చా?"

వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నీ తలకి కూడా తగిలిందేంట్రా? నీ చేత్తో రాశావు కదరా."

"అందుకే అడుగుతున్నా."

"ఆ గుట్ట కడితే మనం ఏ దారిన పోవాలి? చుట్టూ తిరిగి హైవే మీంచా?"

"నిదానంగా పోవాలి. ముందు చూస్తూ పోవాలి. ఆ రోడ్డు మీద నా కూతురు ఉందిరా."

వాడికీ ఇద్దరు పిల్లలున్నారు. డిక్కీ మూసి, ఆలోచిస్తానని చెప్పి వెళ్ళాడు. స్ప్రింగులు మాత్రం మా వరండాలో దింపే వెళ్ళాడు. స్నేహితుడు.

ఇంట్లో సంగతి కూడా చెప్పాలి, దాచి లాభం లేదు. నాలుగో రోజు రెనే ఒకే మాట అంది: "అది బెల్టు విప్పుకుని దిగి నడవడం నువ్వే నేర్పావు. ఎదురుగా వచ్చేది నీ కారే అని మాత్రం నేర్పలేదు." నేను ఇప్పుడు మార్నీని నడిపించి స్కూలుకి తీసుకెళ్తున్నాను. క్రాసింగ్ దగ్గర అది నా చెయ్యి పట్టుకుని ఆపుతుంది, రెండు వైపులా చూస్తుంది, అప్పుడు నన్ను దాటిస్తుంది. నోలీన్ నేర్పిన పద్ధతి అది. ఆ మూడు నిమిషాలూ నాకు భయంగా ఉంటుంది. వచ్చే ప్రతి కారులోనూ తల బయటికి పెట్టి చక్రం చూసుకుంటున్న నేనే కనబడతాను.

కౌన్సిల్‌కి రాశాను. దయచేసి వాంబాట్ క్రాసింగ్ కట్టండి, నా అభిప్రాయం మారింది, కారణాలు ఇవి అని నాలుగు పేజీలు. మూడు వారాలకి జవాబు వచ్చింది. మర్యాదైన జవాబు. ప్రజాభిప్రాయ సేకరణ పూర్తయింది, నలభై ఒక్క అభ్యంతరాల దృష్ట్యా ప్రతిపాదన విరమించుకున్నాం అన్నారు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఒక స్థానిక రచయిత అప్పట్లో సమర్థంగా వివరించినట్లుగా, ఈ క్రాసింగ్ భద్రత నిర్మాణాల మీద కాక సిబ్బంది చేతి నైపుణ్యం మీద ఆధారపడి ఉంది" అని నా వాక్యమే నాకు చదివి వినిపించారు. పదకొండేళ్ళలో నా రచనని ఇంత శ్రద్ధగా చదివిన పాఠకుడు నాకు ఇంకొకడు దొరకలేదు.

ఆ చేతిలో ఇప్పుడు ప్లేటూ ఆరు మేకులూ ఉన్నాయి. కట్టు విప్పే రోజు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను, బస్సులో. వేళ్ళు సగమే ముడుచుకుంటున్నాయి. పలక కర్ర పట్టుకోవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

"ఎడమ చేత్తో పట్టుకుంటా," అంది నోలీన్.

"మానేయొచ్చు కదా నోలీన్. ఇంక చాలు మీరు చేసింది."

"నేను మానేస్తే అక్కడ ఎవరు నిలబడతారు? కౌన్సిల్‌కి మనుషులు దొరకడం లేదు. నువ్వు నిలబడతావా?"

నేను నిలబడతాననే చెప్పాను. దరఖాస్తు కూడా పెట్టాను. పిల్లల క్రాసింగ్ దగ్గర మనిషిని గుద్దినవాణ్ణి ఆ పనికి తీసుకోరట, నిబంధనలు ఒప్పుకోవు. చాలా మంచి నిబంధన. కాబట్టి వచ్చే టర్మ్ మొదటి రోజు, ఉదయం ఎనిమిదింటికి, ఎడమ చేత్తో ఆవిడే నిలబడబోతోంది.

డీన్ తన సంతకం వెనక్కి తీసుకున్నాడు, కుక్కది కూడా. జోరాన్ ఇంకా ఆలోచిస్తున్నాడు. మొత్తం పద్నాలుగు వెనక్కి వచ్చాయి. మిగతా ఇరవై ఏడు కౌన్సిల్ ఫైలులో నా వాక్యం పక్కనే కూర్చుని ఉన్నాయి. ఫోన్ చేసి కనుక్కున్నాను: ఈ నెలాఖరులోగా అభ్యంతరాల కన్నా ఎక్కువ సమర్థనలు వస్తే ప్రతిపాదన మళ్ళీ బల్ల మీదికి వస్తుంది. పాత పన్నెండుతో పాటు ఇంకో పదహారు కావాలి. ఈ శీర్షిక చదివేవాళ్ళు పదహారు మంది ఉన్నారనే నమ్మకంతో బతుకుతున్నాను.

ఫారం లైబ్రరీలో దొరుకుతుంది, ఒకటే పేజీ. నన్ను తిట్టాలనిపిస్తే చివర 'ఇతర వ్యాఖ్యలు' అనే చోట ఖాళీ ఉంది, మొహమాటపడకండి. మూడో ప్రశ్న దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. గుట్ట ఎత్తు ఎంత ఉండాలని రెండు గళ్ళు ఇచ్చారు, డెబ్భై అయిదు మిల్లీమీటర్లు ఒకటి, వంద ఒకటి. వంద దగ్గర టిక్కు పెట్టండి. డెబ్భై అయిదు పెడితే, లైసెన్సు తిరిగొచ్చాక నేను ఏటవాలుగా దాటేస్తాను.